కదలని గాంధారం

మా ఇంట్లో నన్ను కాలు కాలిన పిల్లి అంటారు. ఆ పేరు పెట్టింది మా ఆయన. రోజు మొత్తం మీద నాలుగు మాటలు మాట్లాడే మనిషి కాబట్టి, ఆయన అన్నది ఏదైనా అతుక్కుపోతుంది. అందులో అబద్ధం కూడా లేదు. కుర్చీలో కూర్చుంటే నా మోకాలు దానంతటదే ఊగుతుంది. కుక్కర్ మూడో విజిల్ వేసేలోగా రెండుసార్లు బాల్కనీలోకి వెళ్ళొస్తాను. ఈ గల్ఫ్ ఊళ్ళో, ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో, మాది ఒక్క పడగ్గది ఫ్లాటు. ఆ గది మా అమ్మాయికిచ్చి మేమిద్దరం హాల్లో పడుకుంటాం. వంటింటి గుమ్మం నుంచి బాల్కనీ తలుపు దాకా పదకొండు అడుగులు. పన్నెండో అడుగు వెయ్యడానికి చోటు లేదని ఎన్నిసార్లు విసుక్కున్నానో చెప్పలేను.

ఒక్క చోట మాత్రం కదలను. అల్ కుసైస్‌లో ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. కూలీల క్యాంపుల నుంచి మెడికల్ టెస్టుకి వచ్చే మనుషుల చేతుల్లోంచి రక్తం తియ్యడం నా పని. జగిత్యాల నుంచి వచ్చిన ఒకాయన, గోడల మీద గోడలు లేపే మనిషి, సూది చూడగానే మొహం తిప్పేసుకున్నాడు. "అక్కా, జర మెల్లగ. నాకు సూదంటే బుగులు," అన్నాడు. కళ్ళు మూసి తెరిచేలోగా ట్యూబు నిండింది. "అయిపోయిందా? దోమ కుట్టినట్టు గూడ లేదు," అని నవ్వాడు. ఆ కుర్చీ దగ్గర నా చెయ్యి రాయి. నేను గర్వంగా చెప్పుకునేది అదొక్కటే.

కోవిడ్ ఏడాదంతా గుడారాల్లో నిలబడి ముక్కుల్లోంచి శాంపిళ్ళు తీశాను. అది కాస్త సద్దుమణిగాక ఇంట్లో కూర్చోవడం అసలే చేతకాలేదు. ఒక సెలవురోజున బీరువా పైనుంచి నా వయొలిన్ దించాను. ఐదేళ్ళుగా ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదో తరవాత చెప్తాను, అదే అసలు సంగతి. ఏసీ గాలికి ఎండి పక్క అతుకు విడిపోయి ఉంది. తీగ బిగించే బిరడా ఒకటి తిప్పితే తిరుగుతూనే ఉంది. ఎవరినో అడిగితే డేరా అనే పాత బజారు పేటలో, బట్టల కొట్ల పైన, వాద్యాలు బాగుచేసే ముసలాయన ఉన్నాడన్నారు.

మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. దానికప్పుడు పధ్నాలుగేళ్ళు. బళ్ళో అరబ్బీ చదువుకుంటోంది కదా, మాట సాయానికి పనికొస్తుందని. అది చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఈ ప్రయాణం తనకేమీ సంబంధం లేనట్టు మెట్రోలో నాకు రెండు సీట్ల అవతల కూర్చుంది.

ఆ ముసలాయనది అలెప్పో అనే అరబ్బు ఊరు. డేరాలో ముప్ఫై ఏళ్ళు ఉండి బజారు హిందీ బాగానే పట్టేశాడు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. నేను క్లినిక్‌లో పనిచేస్తానని తెలియగానే ఆయన నన్ను 'దక్తూరా' అనడం మొదలుపెట్టాడు. డాక్టర్ని కాదని మూడుసార్లు చెప్పి, చివరికి నేనే మానుకున్నాను.

వారం తరవాత వెళితే వయొలిన్ సిద్ధంగా ఉంది. కొత్త తీగలు వేశాడు కానీ శ్రుతి చెయ్యలేదు. నేనే చేసుకున్నాను, మా పద్ధతిలో: లావు తీగ సా, దాని పక్కది పా, మళ్ళీ సా, మళ్ళీ పా. ఆయన జిగురు కలుపుతున్నవాడల్లా తలెత్తాడు.

"ఇలా తీగలు కట్టడం నీకెవరు నేర్పారు?"

"మా దగ్గర అందరం ఇంతే."

లేచి వెళ్ళి తన వయొలిన్ తెచ్చి నాలుగు తీగలూ వరసగా మీటి చూపించాడు. స్థాయి కొంచెం పైన, అంతే. తీగకీ తీగకీ ఉన్న దూరాలు అచ్చం మావే. ఈ ఊళ్ళో పిల్లలకి వయొలిన్ నేర్పే చోట్ల అందరూ వేరేలా కడతారట. తనలా కట్టే మనిషి సముద్రం అవతలి నుంచి, అదీ ఒక సూదులమ్మ, దొరుకుతుందని ఆయన అనుకోలేదు. "మకామ్ నేర్చుకుంటావా, దక్తూరా?" అన్నాడు.

మకామ్ అంటే మన రాగం లాంటిదే. దానికో వరస, దానికో నడక, ఎక్కడ ఆగాలో, ఎక్కడికి తిరిగి రావాలో లెక్క ఉంటుంది. నాకు తల తిరిగిపోయేంత ధీమా వచ్చేసింది. కింద కూర్చుని, వయొలిన్ తలను మడమ దగ్గర ఆనించుకుంటే ఆయన వింతగా చూశాడే గానీ వద్దనలేదు. ఆయన హిజాజ్ వాయిస్తే వకుళాభరణం అన్నాను. కుర్ద్ వాయిస్తే మా తోడి అన్నాను. నన్ను నేనే మెచ్చుకుంటూ మోకాలు ఊపుకుంటున్నాను.

"బాగుంది. మరి ఇది?" అని ఆయన రాస్త్ వాయించాడు.

సా, రీ సరిగ్గానే ఉన్నాయి. గా దగ్గరికొచ్చేసరికి నోరు తెరిచి అలాగే ఉండిపోయాను. మాకు సాధారణ గాంధారం కింద ఉంటుంది, అంతర గాంధారం పైన ఉంటుంది. ఆయన వేలు ఆ రెండిటికీ మధ్య దిగింది. హార్మోనియం మీద అక్కడ మెట్టు లేదు. నా చెవి లెక్క ప్రకారం అది తప్పు స్వరం. ఆ తప్పు స్వరం మీద ఆయన ఏ బెరుకూ లేకుండా, గోడకి ఆనుకుని నిలబడ్డట్టు నిలబడ్డాడు.

నేను వాయించాను. వేలు సరైన చోటికే వెళ్ళింది. వెళ్ళి, ఊగింది.

"మాఫీ హిలావ్!" అన్నాడు. కదపొద్దని. సగం అరబ్బీ, సగం హిందీ, డేరా అంతా మాట్లాడే భాష.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఊగింది. ఏం చెయ్యను? చిన్నప్పుడు కాకినాడలో మా గురువుగారి ముందు పదేళ్ళు కూర్చుని నేర్చుకున్నదే అది. స్వరాన్ని చదునుగా వదిలెయ్యకూడదు, కిందనుంచి పైకి, పైనుంచి కిందకి ఊపి పలికించాలి, అదే గమకం, అదే ప్రాణం. ఖరహరప్రియలో గాంధారం ఊగకపోతే మా గురువుగారు అన్నం తినేవారు కాదు. అందుకే ఈ మధ్య చోటులో నా వేలికి నిలబడడం రాదు. కింది గాంధారానికి ఓసారి, పైదానికి ఓసారి దణ్ణం పెట్టొస్తుంది.

"నాకు రెండు స్వరాలు వినబడుతున్నాయి దక్తూరా. ఒకటి చాలు," అన్నాడు ఉస్తాద్. నెల గడిచింది, రాస్త్‌లో మూడో స్వరం దాటలేదు. రోజుకి నలభై మంది నరాల్లో వణక్కుండా సూది దించే చెయ్యి, ఒక్క తీగ మీద ఒక్క వేలు నిలపలేకపోతోంది. ఒళ్ళు మండిపోయేది. కమానుతో తీగని గీరేసేదాన్ని.

అలా గీరుతున్న ఒక రోజే, ఉస్తాద్ నా వైపు చూడడం మానేసి స్టూలు మీద ఫోన్ చూసుకుంటున్న మా అమ్మాయికి తన వయొలిన్ అందించాడు. "నువ్వు పట్టు," అన్నాడు, బహుశా నా నుంచి కాసేపు తప్పించుకోవడానికే. అది నా మొహం చూసింది. తరవాత లేచి, నిలబడే గడ్డం కింద పెట్టుకుంది. సా. రీ. ఆ మధ్య గాంధారం మీద వేలు పెట్టి, కమాను చివరిదాకా లాగింది. స్వరం కదలలేదు.

"సహ్!" అన్నాడాయన. సరిగ్గా ఉందని. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మళ్ళీ," అన్నాడు. మళ్ళీ అంతే.

నాకు అసూయ పుట్టింది. కన్నతల్లినై ఉండి, సిగ్గు లేకుండా చెప్తున్నాను. సంతోషం కూడా వచ్చింది, కాకపోతే తిరుగు ప్రయాణంలో, మెట్రో రెండు స్టేషన్లు దాటాక వచ్చింది. దాని వెనకే భయం వచ్చింది.

ఎందుకంటే ఆ పిల్ల వయొలిన్ మానేసింది నా వల్లే. ఆరేళ్ళప్పుడు నేనే మొదలుపెట్టించాను. సరళీ వరసలు, జంట వరసలు, గీతాలు అన్నీ అయ్యాయి. తొమ్మిదేళ్ళప్పుడు ఆభోగి రాగంలో వర్ణానికి వచ్చాం. ఆభోగిలో గాంధారం ఊగాలి. అది ఊపేది కాదు. చక్కగా, నున్నగా, ఒక చోట పెట్టి వాయించేది. "ఊపవే! గమకం ఏదీ? చచ్చిన స్వరం లాగా అదేంటి?" అని అరిచేదాన్ని. ఒక సాయంత్రం అరిచి అరిచి, చేతిలో ఉన్న కమానుతో దాని వేలి మీద కొట్టాను. అది ఏడవలేదు. వయొలిన్ పెట్టెలో పెట్టి, క్లిప్పులు రెండూ నొక్కి, "నేనింక మానేస్తా అమ్మా," అంది. పిల్లలు అలాగే అంటారనుకున్నాను. వారాలు పోయాయి, నెలలు పోయాయి. దాని వయొలిన్ చూడలేక నాదీ బీరువా పైకెక్కించాను.

ఐదేళ్ళ తరవాత, ఏ నున్నటి స్వరానికి నా చేత దెబ్బ తిందో, ఆ స్వరానికే డేరాలో ఒక ముసలాయన కళ్ళజోడు తీశాడు. ఈ పిల్ల మళ్ళీ పట్టుకుంది. ఈసారి నేను చెడగొట్టకూడదు. ఆ మకామ్ నాకు వస్తే ఎంత, రాకపోతే ఎంత, ఇది మాత్రం చెడకూడదు అని నాకు నేనే గట్టిగా చెప్పుకున్నాను.

అప్పటినుంచి ఇద్దరం వెళ్ళేవాళ్ళం. ఈ దేశంలో శుక్ర, శనివారాల సెలవు శని, ఆదివారాలకి మారింది, మా పాఠమూ శుక్రవారం నుంచి శనివారానికి జరిగింది. దానికి పెద్దవాళ్ళ సైజు వయొలిన్ ఉస్తాదే వెతికి పెట్టాడు. రాస్త్ అయ్యాక దాన్ని బయాతీ అనే ఇంకో మకామ్‌లోకి తీసుకెళ్ళాడు. నేను రాస్త్‌లోనే, ఆ మూడో మెట్టు మీదే, ఫెయిలైన పిల్లలా పాత క్లాసులో ఉండిపోయాను. పాఠం మధ్యలో ఆయన అరబ్బీలోకి జారిపోతే అది నవ్వేది. ఏమన్నాడే అంటే, "ఏం లేదమ్మా, చెప్తే నీకర్థం కాదు," అనేది. తిట్టు కాదది, నిజంగానే అర్థం కాదు. అయినా గుచ్చుకునేది.

ఒక సాయంత్రం అది బాల్కనీలో వాయించుకుంటోంది. మా ఆయన అల్ కుసైస్‌లో ఏసీ డక్టుల ఫ్యాక్టరీ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, టీ గ్లాసుతో దాని ఎదురుగా కూర్చున్నాడు. నేను వాయించిన ఇన్నేళ్ళలో ఆయన ఎప్పుడూ అలా కూర్చోలేదు. "బాగుందిరా," అన్నాడు. వంటింట్లో నా చేతిలో ఉల్లిపాయ ఉంది, కత్తి ఉంది. నోరు ఖాళీగా ఉంది.

"ఎందుకు బాగుండదు? గీత గీసినట్టు వాయించడానికి చదువెందుకు? గమకం ఒక్కటి వెయ్యమనండి, తెలుస్తుంది ఎంత వచ్చో," అన్నాను.

బాల్కనీలో కమాను ఆగింది. గుడ్డతో తీగలు తుడిచిన చప్పుడు, తరవాత పెట్టె క్లిప్పులు రెండూ పడిన చప్పుడు. ఐదేళ్ళ కిందటి చప్పుడే. అది నా పక్కనుంచే వెళ్ళి పెట్టెని మంచం కిందకి తోసేసి, స్నానానికి వెళ్ళిపోయింది.

మా ఆయన టీ గ్లాసు సింకులో పెడుతూ, "ఇప్పుడు చల్లగా ఉందా?" అన్నాడు.

మూడు వారాలు ఆ పెట్టె బయటికి రాలేదు. అది నాతో మాట్లాడడం మానలేదు, అదే ఇంకా కష్టంగా ఉండేది. బాక్సులో ఏం పెట్టావు, నా నల్ల చున్నీ ఏదీ, అన్నీ మామూలే. నేను మంచం కింద ఊడ్చేటప్పుడు పెట్టె చుట్టూ చీపురు తిప్పేదాన్ని. పదకొండు అడుగులూ రోజుకి ఎన్నిసార్లు నడిచానో ఆ టైల్సుకే తెలియాలి. క్షమించమని అడగడానికి దాని గది గుమ్మం దాకా వెళ్ళి, "గీజర్ ఆపావా?" అని అడిగి వచ్చేసిన రోజులున్నాయి.

శనివారం ఒక్కదాన్నే వెళ్ళాను. అమ్మాయి ఏదని అడిగాడు ఉస్తాద్. పరీక్షలన్నాను. మరుసటి వారమూ పరీక్షలే అన్నాను. మూడో వారం ఆయన కమాను బిగిస్తూ, "ఏం బడి దక్తూరా అది, నెలంతా పరీక్షలేనా?" అన్నాడు. అప్పుడు చెప్పేశాను, నా వచ్చీరాని హిందీలో, ఉల్లిపాయ దగ్గర అన్న మాటా, ఐదేళ్ళ కిందటి దెబ్బా, రెండూ. ఓదారుస్తాడనుకున్నాను.

"నీకు చెయ్యీ ఆగదు, నోరూ ఆగదు," అన్నాడు. అంతే. తరవాత, ఏదో గుర్తొచ్చినట్టు తన వయొలిన్ తీసి చిన్నగా ఏదో వాయించాడు. అన్ని దారులూ తిరిగి ఆ మధ్య గాంధారం మీదికే వచ్చి ఆగాడు. రాస్త్‌లో అది దారిలో తగిలే స్వరం, ఇక్కడ మాత్రం అదే ఇల్లులా ఉంది. "దీని పేరు సీకా," అన్నాడు. "నేర్పండి," అన్నాను. "నీకు కాదు. అమ్మాయి వస్తే చెప్తా. ఖలాస్," అని వయొలిన్ పక్కన పెట్టేశాడు. ఉడుకుమోత్తనంతో మెట్లు రెండేసి దిగి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నమే వంటింట్లో దుప్పటి మడిచి కింద వేసుకుని కూర్చున్నాను. మా ఆయనకి ఓవర్‌టైమ్ ఉంది. అమ్మాయి గదిలో ఉంది, తలుపు వేసుకుని. సా, రీ, గా. ఊగింది. సా, రీ, గా. ఊగింది. మొండి పట్టు పట్టాను. గంట దాటింది. పొయ్యి మీద పాలు పొంగితే కట్టేశాను, అవి చల్లారిపోయాయి కూడా.

తలుపు తెరుచుకుంది.

"అమ్మా, ప్లీజ్. గంట నుంచీ వింటున్నా, అది కాదు," అంది గుమ్మంలో నిలబడి.

నా నాలిక చివర సమాధానం సిద్ధంగా ఉంది. ఎప్పుడూ ఉంటుంది. ఉమ్ము మింగినట్టు దాన్ని మింగి, "మరి ఏదే?" అన్నాను. పధ్నాలుగేళ్ళ పెంపకంలో, నాకు తెలియక దాన్ని ఒక ప్రశ్న అడగడం అదే మొదటిసారి అనుకుంటాను. గీజర్ సంగతీ, ఉస్తాద్ అరబ్బీ సంగతీ వదిలెయ్యండి.

అది వచ్చి నా ఎదురుగా కింద కూర్చుంది. వయొలిన్ ముట్టుకోలేదు. నా వేలినే చూస్తూ, "నువ్వు దాన్ని గా అనుకుంటున్నావు. గా అంటే నీకు ఊపాలి. సా అనుకో," అంది.

"అది సా ఎలా అవుతుందే? సా ఇక్కడుంటే!"

"ఊరికే అనుకోవమ్మా. సా, పా కదలకూడదని నువ్వే కదా చెప్పేదానివి. సా కదిపితే ఆ పూట అన్నం పెట్టనని బెదిరించేదానివి."

నిజమే. మా సంగీతంలో ఊగని స్వరాలు ఆ రెండే. ఆరేళ్ళ పిల్లకి నేనే అన్నాను ఆ మాట. కళ్ళు మూసుకున్నాను. రీని వదిలేశాను, అసలు సాని వదిలేశాను. వేలు ఆ మధ్య చోటులో పెట్టి, ఇదే సా, ఇక్కడినుంచే అన్నీ మొదలవుతాయి అనుకున్నాను. కమాను లాగాను.

వేలు ఆగింది.

సూది నరంలోకి దిగిన క్షణం వేళ్ళకి తెలుస్తుంది, కంటితో పనుండదు. అలాగే తెలిసింది. ఇంకోసారి లాగాను. ఆగే ఉంది. ఉస్తాద్ పొద్దున నాకు చెప్పనన్నది ఇదే కదా అని అప్పుడు వెలిగింది.

"ఇది సీకా కదూ? నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. బస్సులో వింటూంటాను," అంది. అంటే పెట్టె మంచం కింద ఉన్నా, ఇయర్‌ఫోన్లలో అది నడుస్తూనే ఉందన్న మాట. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే, గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చిన మాట బయటికొచ్చింది.

"నాన్నా, ఆ రోజు నీ వేలి మీద ఒక దెబ్బ వేశాను కదా."

"మూడు," అంది.

కోపంగా అనలేదు. ఎవరైనా టైమెంత అని అడిగితే చెప్పినట్టు చెప్పింది. నాకు ఒకటే గుర్తుంది. ఇన్నేళ్ళూ ఒకటే అనుకుని, ఆ ఒక్కదానికే బాధపడ్డాను.

"మూడు వేశాను," అన్నాను. "కొట్టకూడదు. మొన్న ఆ మాట కూడా అనకూడదు. ఓర్వలేనితనం, అంతే. నీ చెయ్యి నాకు లేదని."

అంతటితో ఊరుకోవచ్చు కదా నేను? "కానీ ఆభోగికి మాత్రం అది తప్పే," అన్నాను.

"ఇప్పుడు కూడా!"

"తప్పే మరి. ఆభోగిలో గాంధారం ఊగాలి."

అది నా మొహంలోకి చూసింది, తరవాత నవ్వేసింది. లేచి గదిలోకి వెళ్ళింది. మంచం కింద పెట్టె నేల మీద రాసుకున్న చప్పుడు, క్లిప్పులు రెండూ తెరుచుకున్న చప్పుడు వినబడ్డాయి. వచ్చి స్టవ్ గట్టుకి ఆనుకుని నిలబడి, వయొలిన్ గడ్డం కింద పెట్టుకుని నా శ్రుతికి తీగలు సరిచేసుకుంది.

"నువ్వు అక్కడే ఉండు, ఆ సా మీద. వేరే ఏం వాయించకు. నేను తిరిగొస్తా," అంది.

ఒకరు ఇంటి స్వరం పట్టుకుని ఉంటే ఇంకొకరు తిరగడం ఈ సంగీతంలో ఉన్న పద్ధతే. నేను పట్టుకున్నాను. అది నెమ్మదిగా మొదలుపెట్టింది, నా స్వరం పక్కనే తచ్చాడి, పైకెక్కి, ఎక్కడో నాకు పేరు తెలియని మలుపు తిరిగి, మళ్ళీ వచ్చి నా వేలు ఉన్న చోటే ఆగింది. మళ్ళీ వెళ్ళింది. నా భుజం లాగుతోంది, మడమ మీద వయొలిన్ బరువుకి కాలు తిమ్మిరెక్కింది. మోకాలు ఊపడానికి లేదు. ఊపితే స్వరం పోతుంది. అది మూడోసారి వచ్చి ఆగినప్పుడు అయిపోయిందనుకుని కమాను ఎత్తాను.

"ఆపకమ్మా," అంది కళ్ళు తెరవకుండానే. "నాకింకా ఉంది."

కమాను మళ్ళీ తీగ మీద పెట్టాను.